పనికి కరువు లేదు, కూలికే కరువు

ఎండాకాలం వస్తే తిరుపతిలో మా ఫోన్లకి ఊపిరాడదు. ఏసీ చల్లగా రావడం లేదని ఒకరు, ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయినాయని ఒకరు, రూముల్లో యాత్రికులు గలాటా చేస్తా ఉండారని లాడ్జీవాళ్ళు. ఫోన్లో ఎంత మర్యాదో! "అన్నా, నువ్వే దిక్కు, బిరీన రా" అంటారు. మనం పోయి, ఒళ్ళంతా దుమ్ము పోసుకుని, బాగు చేసి స్టూలు దిగేసరికి గది చల్లబడి ఉంటాది. మర్యాద కూడా చల్లబడి ఉంటాది. "అరగంట కూడా పట్టలేదు కదప్పా, దీనికింతా?" అంటారు.

ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. చిత్తూరు పక్కన పల్లె మాది. పది పాసయినాక నాయన నన్ను ఐటీఐలో చేర్పించినాడు. ఫ్రిజ్, ఏసీ మెకానిక్ ట్రేడు. ఆడ మా సారు మొదటి దినమే చెప్పినాడు: "ఎండ కాసినన్ని దినాలు మీకు పనుంటాదిరా. పని కోసం ఎవరి గడపా తొక్కే బాధ మీకు లేదు." ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఏటికేడు ఎండ ముదిరింది. ఒక ఏసీ కూడా లేని వీధుల్లో ఇప్పుడు కిటికీకొకటి వేలాడతా ఉండాది. పనికి ఏనాడూ కరువు రాలేదు. కూలికే వచ్చింది. ఆ రెండో మాట సారు చెప్పలేదు, మాకు అడగాలని తోచలేదు.

ఇప్పుడు ఎవరైనా నా తావకి వచ్చి "మావాణ్ణి ఏసీ పనిలో పెడదామనుకుంటా ఉండాము, ముందు ముందు బాగుంటాదా?" అని అడిగితే నాకు ఒళ్ళు మండుతాది. వాళ్ళ తప్పు కాదని తెలుసు. అయినా మండుతాది. ఎందుకో చెప్తాను.

చాలా ఏండ్లు నేను ఒక సర్వీస్ సెంటర్లో పనిచేసినాను. పైన పెద్ద కంపెనీ బోర్డు, లోపల దాన్ని నడిపించే ఓనరు వేరే. మొదట్లో నెల జీతం ఉన్నింది. తక్కువే గానీ, నెలయితే వస్తాదనే ధీమా ఉన్నింది. ఒక ఏడు, ఎండలు మొదలయ్యే ముందు, ఓనరు మమ్మల్నందరినీ కూచోబెట్టి తలా ఒక మైసూరుపాకు ఇచ్చినాడు. "ఈ పొద్దు నుంచి మీరు నా కింద పనిచేసేవాళ్ళు కాదు. నా పార్ట్‌నర్లు. ఎన్ని కాల్స్ చేస్తే అంత సంపాదన. కష్టపడేవాడికి ఆకాశమే హద్దు" అన్నాడు. మేము చప్పట్లు కూడా కొట్టినాము. నోట్లో ఇంకా తీపి ఉన్నింది కదా.

జీతం పోయింది. పీఎఫ్ పోయింది. కాల్‌కి ఇంత, అంటే పోయి చేసిన ఒక్కో పనికి ఇంత, అని వచ్చింది. పెట్రోలు మాది, బండి మాది, సామాన్లు మావి, ఫోను మాది. కొత్త రేటు ప్రకారం ఒక ఏసీ కడిగితే నాకొచ్చేదానికీ, అదే ఏసీకి కస్టమరు కట్టేదానికీ మధ్య ఉండే తేడాలో ఒక ఇంటికి వారం సరుకులు వస్తాయి. పైగా స్టార్లు. పని అయినాక కస్టమరు ఫోన్లో ఐదు స్టార్లు ఇయ్యాల. నాలుగిస్తే మనకి కోత. ఒకామె ఉన్నింది, మంచామె, కాఫీ కూడా ఇచ్చింది. "నేనెవరికీ ఐదు ఇయ్యను బాబూ, ఇంకా బాగా చేయాలనే ప్రోత్సాహం కోసం మూడే ఇస్తా" అనింది. ఆమె ప్రోత్సాహంతో నాకు ఆ వారం మంచి కాల్సన్నీ ఆగిపోయినాయి. మీసాలు నెరిసిన మనిషిని, గడప కాడ నిలబడి "మేడమ్, ఐదు స్టార్లు కొట్టండి మేడమ్" అని అడుక్కున్నాను. గుళ్ళో దేవుణ్ణి కూడా అట్ల అడగలేదు.

కొన్ని అపార్టుమెంట్లలో లిఫ్టు పక్కన రాసి ఉంటాది, పనివాళ్ళు మెట్లు వాడాలని. ఏసీలో నింపే గ్యాస్ సిలిండరు భుజాన పెట్టుకుని అయిదో అంతస్తు ఎక్కి, ఆయాసపడతా గంట కొడితే, "లేటుగా వచ్చినావు" అని ఒక స్టారు కోస్తారు.

ఈ కోపం నాకు కొత్త కాదు. నా జోడీ మాత్రం వేరే రకం. బయటి గోడకి ఏసీ బిగించాలంటే ఇద్దరు కావాల, మేమిద్దరం ఎప్పుడూ కలిసే పోయేవాళ్ళం. నాకంటే నాలుగేండ్లు పెద్ద. నగరి పక్క మనిషి, మాటల్లో సగం అరవం. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. అన్న సంచిలో స్పానర్లతో పాటు ఎప్పుడూ ఒక సీసా మజ్జిగ ఉండేది. నేను ఎవరి మీదనన్నా ఎగిరినప్పుడల్లా ఆ సీసా నా చేతికిచ్చి, "తాగు. కోపం జాస్తి అయితే దప్పి అవతాది, దప్పి అయితే కూల్ డ్రింకుకి దుడ్డు అవతాది" అనేవాడు. కస్టమర్లకి వాళ్ళ ఏసీల్ని బట్టి పేర్లు పెట్టేవాడు. నీళ్ళు కారే సారు, గురక పెట్టే మేడమ్. నడుస్తా ఉన్నంతసేపూ నవ్విస్తానే ఉండేవాడు.

నడుముకి కట్టుకునే సేఫ్టీ బెల్టు కావాలని మేమిద్దరం ఓనర్ని చాలాసార్లు అడిగినాము. రెండో అంతస్తు, మూడో అంతస్తు బయట సజ్జ మీద నిలబడి, ఒక చేత్తో కిటికీ చువ్వ పట్టుకుని, ఇంకో చేత్తో డ్రిల్లు వేసేది మేము. ఓనరు నవ్వినాడు. "పార్ట్‌నర్లు కదప్పా మీరు. మీ సామాన్లు మీరే కదా కొనుక్కోవాల." అన్న బజార్లో ఒక నైలాన్ తాడు కొన్నాడు. బావిలో నీళ్ళు చేదుకునే రకం. దాన్నే నడుముకి చుట్టుకునేవాడు.

ఆ పొద్దు బస్టాండు పక్క లాడ్జీలో పని. సాయంత్రానికి పెళ్ళివాళ్ళు దిగుతా ఉండారు, అప్పటికి రెండో అంతస్తులో ఏసీ నడవాల అని లాడ్జీ మేనేజరు పొద్దున్నుంచి ఫోన్లు. ఎండ నెత్తిన కాస్తా ఉన్నింది. గది లోపల నేను, బయట సజ్జ మీద అన్న. గోడకి కొట్టిన బొక్కలోంచి కాపర్ పైపు నేను తోస్తా ఉన్నాను, అవతల ఆయన అందుకుంటా ఉన్నాడు. "ఇంగ కొంచెం... ఇంగ కొంచెం... సాలు, సాలు" అంటా ఉన్నాడు. మాట్లాడతానే ఉన్నాడు. నా చేతిలో పైపు ఒక్కసారి గుంజుకుంది. తర్వాత వదులైపోయింది.

కేక కూడా వినపడలేదు. సజ్జ పెళ్ళ విరిగిన చప్పుడు, కింద ఏదో బండి మీద పడిన చప్పుడు, అంతే. తాడు కిటికీ చువ్వకి కట్టినది కట్టినట్టే ఉన్నింది. ఆ చువ్వే గోడలోంచి ఊడి, తాడుతో పాటు కిందికి పోయింది.

మెట్లు ఎట్ల దిగినానో తెలియదు. అన్న నిలిపి ఉన్న ఒక మోటార్ సైకిల్ మీద పడి, దాని మీద నుంచి నేల మీదికి జారి ఉన్నాడు. కండ్లు తెరిచే ఉన్నాయి. "కాలు యాడుండాదో సూడప్పా, తెలవడం ల్యా" అన్నాడు. నడుము కిందినుంచి బట్టలు తడిసిపోతా ఉన్నాయి. ఆటోలో ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని పెద్దాసుపత్రికి తీసకపోయినాను. ఆటో ఇంకా సగం దారిలో ఉండగానే లాడ్జీ మేనేజరు ఫోను చేసినాడు. "ఆయనకి ఎట్లుండాది" అని అడిగినాడు. నేను చెప్పకముందే, "పెళ్ళివాళ్ళు వచ్చేస్తారు, మిగతా పని ఎవరు చేస్తారు" అని కూడా అడిగినాడు.

ఆ తర్వాత ఓనరు చేసినాడు. ఆయన మాటలు ఇప్పటికీ నా చెవిలో అట్లే ఉండాయి.

"ఆస్పత్రికి పోతా ఉండారా?"

"పోతా ఉండాము సార్."

"సరే, భయపడొద్దు. ఒక పని చెయ్. వాడి ఒంటి మీద మన కంపెనీ షర్టు ఉంటాది కదా, దాన్ని తీసెయ్. పోలీసోళ్ళు వస్తారు, ఎవడో ఫోటో తీస్తాడు. ఎవరన్నా అడిగితే సొంతంగా చేసుకునే మెకానిక్కని చెప్పు. నేను బయలుదేరతా ఉండా."

మొదట నాకు అర్థం కాలేదు. ఒళ్ళో మనిషి నొప్పితో అరుస్తా ఉన్నాడు, ఓనరేమో గుండీలు విప్పి చొక్కా తీయమని చెప్తా ఉండాడు. అర్థమైనాక ఫోను కట్ చేసినాను. ఆ చొక్కా మాకు ఊరికే ఇచ్చింది కూడా కాదు. మా దుడ్లతో కొనిపించినాడు. జేబు మీద కంపెనీ పేరు, వీపు మీద పెద్ద అక్షరాల్లో 'మీ సేవలో'. అది లేకుండా పనికి పోతే జరిమానా వేసేవాడు. ఇప్పుడు ఒళ్ళు విరగ్గానే అది ఉండకూడదు.

నేను తీయలేదు. ఆస్పత్రిలో నర్సమ్మ కత్తెరతో కత్తిరించి తీసింది. "ఇది పారేసేదా?" అనింది. "ఇయ్యండమ్మా" అని తీసుకుని, క్యారీ బ్యాగులో పెట్టుకున్నాను. ఆస్పత్రిలో ఉండే పోలీసాయన వచ్చి, యాడ పనిచేస్తాడు, ఎవరు పంపించినారు అని అడిగినాడు. అన్నీ చెప్పినాను. కంపెనీ పేరు, ఓనరు పేరు, పొద్దున కాల్ ఎన్ని గంటలకి వచ్చిందో అదీ చెప్పినాను. ఓనరు నా వెనకే వచ్చి నిలబడి ఉండాడని అప్పుడు చూసుకోలేదు. చూసినా చెప్పేవాణ్ణే. ఆయన చేతిలో అంగట్లో కొన్న కొత్త తెల్ల టీషర్టు, లేబులు కూడా తీయలేదు.

నన్ను పక్కకి పిలిచినాడు. "ఏమప్పా, నీకు పనిలో ఉండాలని ల్యాదా?"

"పార్ట్‌నర్ని కదా సార్. పార్ట్‌నర్ని పనిలోనుంచి ఎట్ల తీసేస్తారు?" అన్నాను.

మాపటేల అన్న భార్య వచ్చింది. వదిన శ్రీసిటీలో సెల్ ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాది. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి పోతాది. మధ్యాహ్నం ఆమెకి కబురు చెప్తే, ఆమె చోట ఇంకొకరు కూర్చునేదాకా లైన్లోంచి లేవనీలేదంట. ఆ వేళకి కంపెనీ బస్సు లేదు. తడ దాకా షేర్ ఆటో, ఆడ్నించి బస్సు మీద బస్సు మారి వచ్చింది. ఒంటి మీద ఫ్యాక్టరీ కోటు, మెడలో ఐడీ కార్డు అట్లే ఉండాయి. ఏడ్చి ఏడ్చి వచ్చి ఉంటాదనుకున్నాను. ఏడవలేదు. భర్తని చూసి, డాక్టరుతో మాట్లాడి, బయటికి వచ్చి నన్ను అడిగింది: "ఈయనకి ఈఎస్ఐ ఉండాదా?"

"లేదొదినా."

"నేను ఏసీ రూములో కూసోని మరలు బిగించేదాన్ని. సిన్న మరలు. నా మీద పడితే కూడా తెలీదు. నాకుండాది కార్డు. మూడంతస్తులు ఎక్కి గోడకి ఏలాడేటోడికి ల్యాదా?"

తుంటి ఎముక విరిగింది, కాలు రెండు చోట్ల విరిగింది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు, తర్వాత ఆమె కార్డు మీద, ఆమె కుటుంబం కింద, ఈఎస్ఐ ఆసుపత్రిలో మిగతా వైద్యం జరిగింది. ఎక్కించినవాడు చేతులు దులుపుకున్నాడు. ఏ సంబంధమూ లేని ఫోన్ల ఫ్యాక్టరీ కార్డు కాలిని కాపాడింది. ఇది తలుచుకుంటే నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీదు. ఎక్కువసార్లు పళ్ళు కొరుక్కుంటాను.

నా ఫోన్లో కాల్స్ ఆ మరుసటి దినం నుంచే ఆగిపోయినాయి. తీసేసినామని ఎవరూ చెప్పలేదు. పార్ట్‌నర్ని తీసేయరు, మరిచిపోతారు, అంతే.

అన్న మంచం మీదనే ఉన్నాడు. ఓనరు ఒకసారి పండ్లు పంపించినాడు, మళ్ళీ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఒక రెండో శనివారం వదిన నాకు ఫోను చేసి, "సెంటరుకి పోదాం రా" అనింది. పోయినాము. సెలవు దినం కాబట్టి లోపల కస్టమర్లు నిండుగా ఉండారు. మిక్సీలు, స్టవ్వులు ఒళ్ళో పెట్టుకుని కూచోని ఉండారు. నేను నేరుగా ఓనరు గదిలోకి పోదామన్నాను. వదిన వినలేదు. అందరి లాగానే టోకెను తీసుకుని, కుర్చీలో కూచుంది. నేను గోడకి ఆనుకుని నిలబడినాను. ఆమె వంతు వచ్చింది. కౌంటర్లో పిల్ల కంప్యూటరు చూస్తానే అడిగింది.

"చెప్పండి మేడమ్, ఏం ప్రాడక్టు?"

"మనిషి" అనింది వదిన.

ఆ పిల్ల తలెత్తింది. "ఏంది మేడమ్?"

"మీరు పంపిస్తే గోడెక్కి పడిపోయిన మనిషి. నడుము పనిసెయ్యదు, కాలు పనిసెయ్యదు. వారంటీ ఉండాదా ల్యాదా సూడమ్మా."

మిక్సీ పట్టుకున్న పెద్దాయన ఒకడు "ఏం జరిగిందమ్మా?" అని అడిగినాడు. వదిన ఆయనకి చెప్పింది. గొంతు పెంచలేదు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుకి లైను రిపోర్టు చెప్పినట్టు, ముందునుంచి చివరదాకా చెప్పింది. చొక్కా సంగతి దగ్గర నన్ను చూసింది. నేను తీసుకుపోయిన సంచిలోంచి దాన్ని తీసి కౌంటరు మీద పరిచినాను. కత్తెర పెట్టిన చోట రెండుగా ఉన్నింది, రక్తం ఎండి నల్లబడి ఉన్నింది. వీపు మీద అక్షరాలు మాత్రం బాగా కనపడతా ఉండాయి.

ఓనరు పరిగెత్తుకుని బయటికి వచ్చినాడు. "లోపలికి రామ్మా, కూచోని మాట్లాడుకుందాం."

"ఈడనే సెప్పండి. వీళ్ళు కూడా మీ కస్టమర్లే కదా, విననీండి."

"చూస్తామమ్మా, కంపెనీకి రాసినాను..."

"కంపెనీవాళ్ళు మీకు సెప్పమంటారు, మీరు కంపెనీని అడగమంటారు. నేను రోజూ పని పోగొట్టుకుని ఎవరెనక తిరగాల? ఒకరి పేరు సెప్పండి, సాలు."

ఆయన ఏ పేరూ చెప్పలేదు. కస్టమర్లలో ఇద్దరు లేచి, తమ సామాన్లు తీసుకుని వెళ్ళిపోయినారు. అంతకంటే ఏమీ జరగలేదు. గలాటా అయితే పోలీసులు వచ్చేవాళ్ళు, మాట్లాడినందుకు మాత్రం ఎవరూ రారు. మేమే లేబర్ ఆఫీసుకి పోయినాము.

ఆడ ఆఫీసరు మర్యాదగా విన్నాడు. ఓనరు వకీలుతో వచ్చినాడు. "వీళ్ళు మా ఉద్యోగులు కాదు సార్. భాగస్వాములు. ఫోన్లో అంగీకారం తెలిపినారు" అన్నాడు వకీలు. నిజమే, ఫోన్లో ఏదో ఇంగ్లీషులో పేజీలు పేజీలు వచ్చింది, కింద బటన్ నొక్కితే గానీ కాల్స్ రావు. నొక్కినాము. ఆకలైనవాడు ఆకు మీద ఏం రాసి ఉండాదో చదువుతాడా?

నాకు ఆగలేదు. "సార్, భాగస్వామి అంటే లాభంలో భాగం ఉండాల కదా. మాకు ఏ ఏడు ఇచ్చినారో అడగండి. నష్టమొస్తే ఆయన భాగం కూడా ఉండాల కదా. అన్న ఎముకల్లో ఆయన భాగం ఎంతో చెప్పమనండి."

ఆఫీసరు నవ్వు ఆపుకున్నట్టు ఫైలు వైపు చూసినాడు. వాయిదా వేసినాడు. మళ్ళీ పోయినాము. మళ్ళీ వాయిదా. పోయిన దినమల్లా వదినకి కూలి పోతాది. నేనప్పటికి సొంతంగా చిల్లర పనులు చేసుకుంటా ఉన్నాను, నాకూ పోతాది. వకీలుకి మాత్రం వాయిదాకింత వస్తాది. వాయిదా మీద బతికేవాడితో కూలి మీద బతికేవాడు ఎంతకాలం కొట్లాడగలడు?

చివరికి ఓనరు మనిషిని పంపించి, ఇంత ఇస్తాము, కేసు వద్దనుకోండి అన్నాడు. ఆ మొత్తం నేను చెప్పను, చెప్పడానికి సిగ్గవుతాది. అన్న ఒప్పుకున్నాడు. ఆ సంగతి తెలిసి నేను వాళ్ళింటికి పోయి అరిచినాను. "ఇన్నాళ్ళు తిరిగింది దీనికా? ఆ చొక్కా తీయమన్నవాడి చేతిలోంచి దుడ్లు తీసుకుంటావా?"

అన్న కర్ర పక్కన పెట్టుకుని, నేల చూస్తా కూచున్నాడు. వదిన వంటింట్లోంచి వచ్చింది.

"అబ్బయ్యా, నీ కోపం మంచిదే. మాకోసమే నీ పని పోయింది, ఆ సంగతి సచ్చేదాకా మరవం. కానీ కోపం నీకు సులువు. నువ్వు నడుస్తా ఉండావు. ఈయన్ని బాత్‌రూముకి నడిపించేది నేను. ఇంటి బాడుగ అడిగేటోళ్ళకి జవాబు సెప్పేది నేను. నాయం గెలిసేదాకా మేము యాడ పండుకోవాల?"

నేను తల వంచుకుని వచ్చేసినాను. ఆమె మీద కోపం లేదు. ఆమె చేత ఆ మాట అనిపించినవాళ్ళ మీద మాత్రం ఇంకా పెరిగింది.

అన్న ఇప్పుడు ఇంటి ముందర గదిలో వాషింగ్ మెషిన్లు, ఏసీల లోపలుండే సర్క్యూట్ బోర్డులు బాగు చేస్తాడు. కూచోని చేసే పని. మేము బయట పనులకి పోయినప్పుడు బోర్డులు ఊడదీసి తెచ్చి ఆయనకిస్తాము. కొన్ని దినాలు పని ఉంటాది, కొన్ని దినాలు ఉండదు. నవ్వు మాత్రం సగమే తిరిగి వచ్చింది.

మేము కొందరం, సొంతంగా పని చేసుకునేవాళ్ళం, ఒక మాట అనుకున్నాము. సారువ కట్టించకుండా బయటి గోడ ఎక్కేది లేదు. సారువ అంటే ఇల్లు కట్టేటప్పుడు గోడ పక్కన నిలబడి పనిచేసేదానికి కట్టెలతో కట్టుకుంటారే, అదే. లేదంటే ఏసీ పెట్టెని మిద్దె మీద పెట్టాల, పైపు కొంచెం పొడుగవుతాది, ఖర్చు కొంచెం అవుతాది. అంతే మేము అడిగేది. ఆ మాట మీద నిలబడినందుకు చానా పనులు పోయినాయి.

మొన్న ఎండల్లో ఒక కొత్త అపార్టుమెంటుకి పిలిచినారు. మూడో అంతస్తు. ఇంటాయన కిటికీ బయట సజ్జ చూపించినాడు. "ఈడ పెట్టండి" అన్నాడు. మిద్దె మీద పెడదాం సార్ అని, ఎంతవుతాదో చెప్పినాను.

"ఫోన్లో బుక్ చేస్తే ఇంతలో సగానికి వస్తారు. వాళ్ళు ఎక్కుతారు."

"ఎక్కుతారు సార్. పడతారు కూడా. మా అన్న పడినాడు."

"నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు. కథలెందుకు?"

సంచి తీసుకుని వచ్చేసినాను. మరుసటి దినం వేరే పని మీద అదే వీధిలో పోతా ఉన్నాను. తలెత్తి చూస్తే ఆ సజ్జ మీద ఒక మనిషి. బండి ఆపేసినాను. అరవాలనుకున్నాను. అరిస్తే ఉలిక్కిపడి కాలు జారతాదేమోనని నోరు మూసుకున్నాను. నా పని పెట్టుకుని కూడా ఆడనుంచి కదల్లేకపోయినాను. ఆయన ఒక్కడే, లోపల పైపు తోసేవాడు కూడా లేడు. కిటికీలోంచి లోపలికి పోయి పైపు తోసి, మళ్ళీ బయటికి వచ్చి అందుకుంటా ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ నా చేతులు వాటంతటవే పైకి లేస్తా ఉన్నాయి, పట్టుకోగలిగినట్టు.

పని ముగించి ఆయన కిందికి వచ్చినాడు. నాకంటే వయసులో పెద్ద. గడ్డం నెరిసింది. దగ్గరికి పోయి పలకరించినాను. శ్రీసిటీ పక్కన ఏసీలు తయారుచేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద చాలా ఏండ్లు పనిచేసినాడంట. కాంట్రాక్టరు మారినాడు. కొత్తాయన కుర్రోళ్ళని పెట్టుకుని, వయసయినవాళ్ళని పంపించేసినాడు. ఇప్పుడు ఫోన్లో వచ్చే కాల్స్ మీద బతుకుతా ఉండాడు.

"ఆడ తయారుచేసినాను, ఈడ బిగిస్తా ఉండాను" అన్నాడు. తమాషాకి చెప్పలేదు.

"దీనికెంత ఇస్తారన్నా?"

చెప్పినాడు.

"ఇట్ల ఎక్కొద్దన్నా. మేము కొందరం ఉండాము, ఎక్కేది లేదని చెప్పేస్తా ఉండాము. నా నెంబరు తీసుకో."

"ఎక్కనంటే రేపటికి నా ఐడీ తీసేస్తారప్పా" అన్నాడు. నా నెంబరు మాత్రం తీసుకున్నాడు. ఫోను మోగింది. ఇంకో కాల్. హెల్మెట్ పెట్టుకుని పోయినాడు.

నేను మెట్లెక్కి ఆ ఇంటి గంట కొట్టినాను. ఎక్కేటప్పుడు ఎన్ని మాటలు అనుకున్నానో! ఇంటాయన తలుపు తీసినాడు. లోపలినుంచి చల్లగాలి నా ముఖానికి తగిలింది. నన్ను గుర్తుపట్టి, "చూసినావా, అరపూటలో అయిపోయింది" అన్నాడు.

"ఆయన పేరేంది సార్?"

"ఎవరి పేరు?"

"ఇప్పుడు మీ గోడకి ఏలాడి దిగిపోయినాయనది."

"పేరా..." అన్నాడు. జేబులోంచి ఫోను తీసినాడు. "ఇప్పుడే కదా రేటింగ్ ఇచ్చినాను, ఇందులో ఉంటాది, ఉండు."

వేలితో తెర పైకీ కిందికీ జరుపుతా వెతుకుతా ఉన్నాడు. నేను మెట్లు దిగి వచ్చేసినాను.